పప్పు ఉడకని నుయ్యి

మా అక్కను మా బావ మొదటిసారి కొట్టింది పప్పుగుత్తితో. పప్పు ఉడకలేదని.

అరవైల్లో మాట. అక్కను ఇచ్చిన ఊరు కోడూరు దాటాక, సముద్రం దగ్గర. నేను బందరులో నీళ్ల పరీక్షలు చేసే ఆఫీసులో పనిచేసేదాన్ని. పొలాల్లో కొత్తగా ఆయిల్ ఇంజన్లు పెట్టి బోర్లు తోడుతున్నచోట, చుట్టుపక్కల నూతుల్లోకి ఉప్పు ఎక్కుతోందేమో చూడటం మా పని. నెలనెలా సీసాల్లో నీళ్లు పట్టుకుని సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసేవాళ్లం. ఉప్పు ఉంటే నీళ్లు తెల్లగా విరుగుతాయి. ఆ మందు తగిలి నా వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఈ వేళ్లు చూసి నన్నెవరు చేసుకుంటారని మా నాన్న బెంగపెట్టుకునేవాడు. అక్క ఒంటిమీద వాతలు చూసి మాత్రం "సర్దుకుపోవాలమ్మా" అన్నాడు. ఆ మాటన్నాక నేను ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు.

బావ పెరట్లో నుయ్యి ఒకప్పుడు మంచి నుయ్యే. ఎండాకాలం కాలవ కట్టేస్తే వీధిలో ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని అక్కడికే వచ్చేవాళ్లు. బావ రెండో పంటగా దాళ్వా వరి వేస్తానని పెరటి వెనక చేలో బోరు దింపి ఇంజన్ పెట్టాడు. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా తోడటమే. ఆ ఇసక నేలల్లో మంచినీళ్లు పైన పలచగా ఉంటాయి. వాటిని లాగేస్తే అడుగునున్న ఉప్పునీళ్లు పైకొస్తాయి. ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపు మరిగినా మెత్తబడదు. బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కంచం విసిరేసేవాడు, తర్వాత లేచేవాడు. నీళ్లు మారాయని వీధి వీధంతటికీ తెలుసు. బిందెలు రావడం మానేశాయి కూడా. ఆయన ముందు ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆ నెల నేను సీసాలతో వెళ్లేసరికి అక్క పై పెదవి చిట్లి ఉంది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, దాచుకోవడం చేతకాదు. రెండు గాజు గ్లాసులు వసారాలో పెట్టాను. ఒకదాంట్లో ఆ నూతి నీళ్లు, ఇంకోదాంట్లో ఆఫీసులో ఆవిరి పట్టి తీసిన నీళ్లు.

"బావగారూ, ఒకసారి ఇలా వచ్చి చూడండి" అన్నాను.

రెండిట్లోనూ చుక్కలు వేశాను. నూతి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. రెండోవి తేటగానే ఉన్నాయి.

"సీసా నీది, మందు నీది. నీ అక్క కోసం ఏదైనా చేస్తావు" అని ఆయన గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు. గాజుపెంకు ఎగిరి నా మెడ దగ్గర కోసుకుంది.

వాళ్లమ్మ లోపలి గదిలోంచి వచ్చింది. కోడలొచ్చాక ఆవిడ పొయ్యి దగ్గరకు వెళ్లడం మానేసింది. "ఈ మందులెందుకమ్మా, నా కాపురమంతా ఈ నీళ్లతోనే వండాను. ఇవాళ నేను వండుతాను, చూడండి" అంది. కోడలికి బుద్ధి చెప్పాలనే అన్నా, ఆవిడ ఆ మాట నిజంగానే నమ్మింది. పొయ్యి రాజేసింది, పప్పు కడిగి ఎసట్లో వేసింది. బావ పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. కట్టెల మీద కట్టెలు పెట్టింది. నీళ్లు ఇంకితే మళ్లీ పోసింది. చివరికి గుత్తితో మెదిపింది. గింజలు గుత్తి కింద నుంచి జారిపోయాయి. ఒకటి నోట్లో వేసుకుని కొరికింది.

"ఒరే, నీళ్లేరా. ఆ ఇంజన్ ఆపరా" అంది.

గెలిచాం అనుకున్నాను. అక్క కూడా అనుకుంది, ముఖంలో తెలిసింది.

బావ లేచి వచ్చి అక్క జుట్టు పట్టుకున్నాడు. "నా తల్లి చేత పొయ్యి ఊదిస్తావా" అని తలను ద్వారబంధానికేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకు పప్పుతో పని లేదు. పప్పు మెత్తగా ఉడికినా కొట్టడానికి ఇంకో కారణం దొరికేది. నేను పరీక్ష చేసింది నీళ్లను, చెడింది నీళ్లొక్కటే కాదు.

తలుపు పక్కన మేకుకు ఇంజన్ తిప్పే హ్యాండిల్ వేలాడుతోంది. ఇంకెవరూ ఇంజన్ వేయకుండా దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. తీసి ఆయన చెయ్యి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఆడదాన్ని, బైబిలు వాక్యం చదువుకున్నదాన్ని, ఆ చప్పుడుకు భయపడి ఉండాలి. భయం వేయలేదు, హాయిగా అనిపించింది. భుజం మీద ఇంకోటి వేశాను. వాళ్లమ్మ వచ్చి నా కాళ్లు పట్టుకుంది. "చాలమ్మా, చచ్చిపోతాడు" అని ఏడ్చింది. ఆవిడ కోసం ఆగాను. హ్యాండిల్ ఆ నూతిలోనే పడేసి, అక్కను తీసుకుని బస్సెక్కాను. దారిపొడుగునా నా పైటతో ఆమె చెవి మీద రక్తం తుడుస్తూనే ఉన్నాను.

తర్వాత బావ తరఫు పెద్దమనుషులు మా ఇంటికొచ్చారు. ఆడపిల్ల చెయ్యెత్తడమేమిటని అడిగారు. మా నాన్న అక్కను పిలిచి తల మీది కట్టు విప్పించి చూపించాడు. వాళ్లు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. నేను నాన్నతో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది ఆ రోజే.

అక్క మాత్రం వంటింట్లోకి వచ్చేది కాదు. అమ్మ కూర తిప్పమన్నా "నాకు వంట రాదమ్మా" అనేది. చిన్నప్పుడు మా అందరికీ వండిపెట్టిన మనిషి ఆ మాట నమ్మేసి అంటుంటే నాకు ఏడుపొచ్చేది. వాడికి రెండో చెయ్యి కూడా విరగ్గొట్టి రావాల్సింది అనిపించేది.

అమ్మకు జ్వరం వచ్చిన రోజు అక్క ఇక తప్పక కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. నేను ఆఫీసుకు బయల్దేరుతూ చూశాను. గిన్నె ముందు గొంతుక్కూర్చుని, చేతులు తలమీద అడ్డం పెట్టుకుని ఉంది, దెబ్బ కాచుకుంటున్నట్టు. కాసేపటికి గరిటెతో ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపింది. వెన్నలా నలిగిపోయింది. ఇంకో గింజ తీసి నలిపింది.

"ఉడికిందే" అంది నావైపు తిరిగి. "నాకు వంట వచ్చే."