ఏడాదికొక్క తప్పు

కోల్మన్ హెన్నెబ్రీ తన ఇల్లు తగలబెట్టినవాణ్ణయినా క్షమిస్తాడు గాని, ఇంజనుకు ఒక రివెట్టు ఎక్కువ కొట్టినవాణ్ణి మాత్రం క్షమించడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. ఎక్కడ తప్పు కనిపిస్తే అక్కడ దిద్దాలి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చూపుడు వేలు పైకెత్తి, "అది కాదు గానీ..." అన్నాడంటే క్లోన్‌బెగ్ ఊళ్ళో పిల్లులు కూడా దారి మార్చుకునేవి.

ఈ జబ్బు సంగతి డింఫ్నా హెఫర్నన్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. డింఫ్నా నలభై ఏళ్ళు రైల్వే గేటు కాసిన మనిషి. చదివింది ఊరి బళ్ళో ఐదో తరగతి. అయితేనేం, ఆమె కాపలాలో ఒక్క ఆవు రైలు కింద పడలేదు. ఒక్క గొర్రె పడలేదు. తప్పతాగి వచ్చిన పెళ్ళికొడుకులు ముగ్గురున్నారు, వాళ్ళూ పడలేదు. గేటు పుస్తకంలో ఆమె ఒక్క అబద్ధం రాయలేదు. ఇవన్నీ అడిగినవాళ్ళకు చెప్పేది, అడగనివాళ్ళకు ఇంకా వివరంగా చెప్పేది. గేటు ఎత్తేశాక ఊళ్ళో బొమ్మ రైళ్ళు చేసేవాళ్ళ బుల్లిరైళ్ళ సంఘానికి కార్యదర్శి అయింది. ఈ పందొమ్మిదేళ్ళలో ఒక్క సమావేశంలోనూ టీ చల్లారనివ్వలేదు. అది ఐదో ఘనకార్యం.

సంఘంలో అందరూ చేసేవి అరచేతిలో పట్టే ఇంజన్లే. అసలు ఇంజనులో ఒక అడుగు ఉన్నచోట బొమ్మలో రెండు మిల్లీమీటర్లు. అంత చిన్నవాటిలో ఎవరేం చూస్తారులే అని మిగతావాళ్ళు కొట్లో దొరికిన చక్రాలే తగిలించేవాళ్ళు. అవి ఇంగ్లండు కొలతవి. ఐర్లండు పట్టాలు వాటికన్నా ఆరున్నర అంగుళాలు వెడల్పు. బొమ్మలోకి వచ్చేసరికి ఆ తేడా ఒక్క మిల్లీమీటరు. కోల్మన్ ప్రతి ఇరుసూ కోసి, ఆ మిల్లీమీటరు అతికి, మళ్ళీ బిగించేవాడు.

"ఒక్క మిల్లీమీటరు! ఎవరు చూడొచ్చారయ్యా?" అన్నాడు ఒకసారి మాంసం కొట్టు జెరోమ్.

"దేవుడు చూస్తాడు," అన్నాడు కోల్మన్. "ఆయన ఉండేది అంత ఎత్తున. ఆయనకు అన్నీ ఈ కొలతలోనే కనిపిస్తాయి."

జెరోమ్ ఆ ఆదివారం చర్చిలో పైకప్పు వంక చూడలేకపోయాడు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ కోల్మన్ పాలకేంద్రంలో వెన్నశాతం కొలిచాడు. రైతు క్యాను దించి, "మూడు పాయింట్ ఏడు రాసెయ్యి నాయనా, పుణ్యముంటుంది," అనేవాడు.

"అది కాదు గానీ, మూడు పాయింట్ ఆరే. ఆ పైన ఒక పాయింటు నీ ఆవు ఇవ్వలేదు, నీ నాలుక ఇచ్చింది."

చావులకు కూడా మినహాయింపు లేదు. రైల్వే సిగ్నల్ క్యాబిన్లో పనిచేసిన ఒకాయన పోయినప్పుడు ఫాదర్ గద్గదంగా, "ముప్పై ఏళ్ళు ఈయన మన రైళ్ళకు దారి చూపాడు," అన్నాడో లేదో, వెనక వరసలో వేలు లేచింది.

"అది కాదు గానీ ఫాదర్, ఇరవై తొమ్మిదేళ్ళ పది నెలలు. మధ్యలో కాలు విరిగి రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు."

చనిపోయినాయన భార్య ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుని, "నిజమే ఫాదర్. కోళ్ళ గూడు మీంచి పడ్డాడు," అంది. జనం నవ్వలేక దగ్గారు.

డింఫ్నా ఒక క్రిస్మస్‌కు ఆయనకు కార్డు పంపింది. దాని మీద మంచులో పోతున్న రైలు బొమ్మ. జనవరిలో అదే కార్డు తిరిగొచ్చింది, ఎర్ర సిరా రాతతో: 'పొగ వెనక్కి పోతోంది, మంచు ముందుకి పడుతోంది. గాలి ఏదో ఒక వైపు నుంచే వీస్తుంది. మీకు కూడా పండగ శుభాకాంక్షలు.'

ఇంత మనిషీ తన ఇంజనులో మాత్రం ఏడాదికొక తప్పు వదిలేసేవాడు. అదే క్లోన్‌బెగ్‌లో ఎవరికీ కొరుకుడు పడని చిక్కు.

ఏటా అక్టోబరులో ఊరి హాల్లో రెండు రోజుల ప్రదర్శన జరిగేది. శనివారం న్యాయనిర్ణేత వచ్చి అన్ని ఊళ్ళ సంఘాల ఇంజన్లనూ చూసి షీల్డు ఎవరిదో చెప్పేవాడు. ఆరేళ్ళుగా క్లోన్‌బెగ్ ఒకే ఒక్క మార్కు తేడాతో పక్కూరు రాత్‌కీరన్‌కు షీల్డు వదులుకుంటోంది. ప్రతిసారీ ఆ ఒక్క మార్కూ కోల్మన్ ఇంజనులో ఉన్న ఆ ఒక్క తప్పుకే పోయేది. ఒక ఏడు మెట్టు కిందికి దిగిపోయింది. ఒక ఏడు ఈల వెనక్కి తిరిగింది. ఒక ఏడు చేతికమ్మీ పొట్టిదయింది. షీల్డు కోసం డింఫ్నా ఎప్పుడో గోడకు కొట్టిన మేకు ఇంకా ఖాళీగానే ఉంది.

ఇక ఆదివారం తమాషా వేరు. ఆ రోజు పూజ అయ్యాక నన్నుల ఆశ్రమం వ్యానులో మోసీ టూహీ వచ్చేవాడు. ఎనభై ఆరేళ్ళ పాత డ్రైవరు. నలభై ఏళ్ళు ఇంజన్లు నడిపినవాడు, ఎనిమిదేళ్ళుగా చూపు లేదు. కోల్మన్ కొత్త ఇంజను ఆయన అరచేతిలో పెట్టేవాళ్ళు. మోసీ చిటికెన వేలి కొసతో దాన్ని ముక్కు నుంచి తోక దాకా తడిమేవాడు. హాలంతా ఊపిరి బిగబట్టేది.

"అబ్బాయ్ కోల్మన్!" అని కేక పెట్టేవాడు చివరికి. అబ్బాయికి అప్పటికి అరవై ఏడేళ్ళు. "ఈ మెట్టు మీద కాలు పెట్టి ఉంటే నేను ముప్పై ఏళ్ళ కిందటే సమాధిలో ఉండేవాణ్ణిరా!"

"అది కాదు గానీ మోసీ..."

"ఏది కాదు? నడిపింది నువ్వా, నేనా?"

కోల్మన్ ఎర్రబడి, గొణిగి, చివరికి తల వంచేవాడు. చప్పట్లు, ఈలలు. ఊరందరినీ దిద్దేవాణ్ణి దిద్దేవాడొకడున్నాడని జనానికి పండగ. మోసీ ఆ ముచ్చట మళ్ళీ అక్టోబరు దాకా నన్నులకు చెప్పుకునేవాడు.

ఈ తప్పుకు కారణమేమిటన్నది టీ బల్ల దగ్గర ఏటా చర్చకు వచ్చేది. లోపం లేకుండా చేసే హక్కు దేవుడికొక్కడికే ఉందని కోల్మన్ భక్తి కాబోలునన్నాడు ఫాదర్. కళ్ళు మందగించాయంది డింఫ్నా.

"నాకొకటే విచిత్రం," అన్నాడు జెరోమ్ హామ్ ముక్క నములుతూ. "రంగులో తప్పు రాదు. నంబరులో రాదు. ఎప్పుడూ బయటికి పొడుచుకొచ్చినదాన్లోనే వస్తుంది, చూశారా?"

"నీ నోరు కూడా అంతే, మూసుకో," అంది డింఫ్నా.

ఆ ఏడాది ఆమె మోకాళ్ళు మొరాయించాయి. ఇక కార్యదర్శి పని వదిలేస్తానని చెప్పేసింది. వదిలే ముందు ఆ మేకుకు షీల్డు తగిలించాలని పంతం పట్టింది. పందొమ్మిదేళ్ళ టీ ఊరికే పోకూడదు కదా.

శనివారం పొద్దున్నే భూతద్దంతో కోల్మన్ ఇంజను ముందు కూర్చుంది. సంత రోజుల్లో పశువుల రైలు లాగిన పాత ఆవిరి ఇంజను అది. డింఫ్నా గేటు ముందు నుంచి కొన్ని వేలసార్లు పోయింది. రివెట్లు చూసింది, బొగ్గు చూసింది, తలుపులు చూసింది. ఇంజను ముఖాన దీపాలు తగిలించే రెండు కొక్కేల దగ్గర ఆగిపోయింది. నలభై ఏళ్ళు ఆ దీపాలను చూసే ఆమె గేటు వేసింది. కుడి కొక్కెం ముందుకు చూస్తోంది. ఎడమ కొక్కెం పక్కకు చూస్తోంది.

"దొరికావురా దొంగా!" అనుకుంది. కోల్మన్ కుర్చీలు మోసుకురావడానికి వెళ్ళాడు. కనుబొమలకు వాడే పట్టకారు తీసి, నువ్వుగింజంత లేని ఆ కొక్కేన్ని ముందుకు తిప్పేసింది. ఏమీ ఎరగనట్టు వెళ్ళి ఎండుద్రాక్షల రొట్టె కోయసాగింది.

పదకొండింటికి న్యాయనిర్ణేత ఇంజనును మూడుసార్లు చూశాడు. కళ్ళు తుడుచుకుని నాలుగోసారి చూశాడు. షీల్డు క్లోన్‌బెగ్‌కు! రాత్‌కీరన్ కార్యదర్శి ప్రెండర్‌గాస్ట్ ముఖం విరిగిన పాలలా అయింది. గెలిచిన ఇంజనును ఆనవాయితీ ప్రకారం గాజుపెట్టెలో పెట్టి తాళం వేశారు.

కోల్మన్ ఆ గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"డింఫ్నా, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"దుమ్ము దులిపాను. ఏం, దుమ్ము కూడా లెక్కపెట్టి వేశావా?"

ఆయన వేలు సగం లేచి మళ్ళీ కిందికి దిగిపోయింది. అలా దిగడం ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆయన కప్పులో టీ తాగకుండానే చల్లారింది. సంతోషం పట్టలేకపోతున్నాడు పాపం, అనుకుంది డింఫ్నా.

ఆదివారం మోసీ వచ్చాడు. పెట్టె తెరిచి ఇంజను ఆయన చేతిలో పెట్టారు. వేలు మెల్లగా నడిచింది. పొగగొట్టం, నీళ్ళతొట్టి, మెట్లు, బొగ్గుపెట్టె. మళ్ళీ మొదటికి వచ్చింది. హాలు నవ్వడానికి సిద్ధంగా ఉంది. వేలు మూడోసారి బయల్దేరింది.

"ఏమీ లేదు," అన్నాడు మోసీ. "అంతా... సరిగ్గానే ఉన్నట్టుంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"కళ్ళ తరవాత వేళ్ళ వంతు వచ్చిందేమోలే," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఇక వచ్చే ఏడు వ్యాను నాకోసం పంపకండమ్మా."

"లేదు మోసీ," అన్నాడు కోల్మన్. "ఇంకొక్కసారి చూడు. నేను... నేను పొరపాటు చేసే ఉంటాను. చూడు."

డింఫ్నా షీల్డు చంకలో పెట్టుకుని ఆయన ముఖం చూసింది. తప్పు పడితే చాలు బాబూ అని బతిమాలుతున్నది కోల్మన్ హెన్నెబ్రీ! ఆమెకు జెరోమ్ మాట గుర్తొచ్చింది. రంగులో రాదు, నంబరులో రాదు. మెట్టు, ఈల, కమ్మీ, కొక్కెం. అన్నీ కళ్ళు లేనివాడి వేలికి దొరికేవే. ఈ మనిషి మోసీకి ఒక ఆదివారం ఇవ్వడానికి ఆరేళ్ళుగా షీల్డు పోగొడుతున్నాడు, తన పరువుతో కలిపి.

"అయ్యో మోసీగారూ, దాన్ని తిరగేసి పట్టుకున్నారు. అందుకే చిక్కలేదు. ఇటివ్వండి," అంటూ డింఫ్నా షీల్డును బల్ల మీద పడేసి ఇంజను అందుకుంది. చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నట్టు తిప్పి, బొటనవేలి గోటితో కొక్కేన్ని ఒక్క నొక్కు నొక్కి, మళ్ళీ ఆయన అరచేతిలో పెట్టింది.

వేలు నడిచింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

"అబ్బాయ్ కోల్మన్!" హాలు కిటికీలు అదిరాయి. "ఈ కొక్కేనికి దీపం పెడితే వెలుగు ఎవరికిరా? గట్టు మీద గొర్రెలకా? పాపం డింఫ్నా చీకట్లో గేటు ఎట్లా వేస్తుంది?"

"అది కాదు గానీ మోసీ..."

"ఏది కాదు? నడిపింది నువ్వా, నేనా?"

నవ్వులు, ఈలలు, చప్పట్లు. కోల్మన్ ఎప్పటికన్నా ఎక్కువ ఎర్రబడి, ఎప్పటికన్నా లోతుగా తల వంచాడు.

ఆ సందడిలో ప్రెండర్‌గాస్ట్, తమాషా చూడ్డానికి ఆగిన న్యాయనిర్ణేతను మోచేయి పట్టుకుని లాక్కొచ్చాడు. "తప్పు దొరికిందటగా! మరి మార్కో?"

న్యాయనిర్ణేత భూతద్దం పెట్టి చూశాడు. "నిన్న ఇది సరిగ్గానే ఉన్నట్టు నాకు గుర్తు. అమ్మా డింఫ్నా, దీన్ని ఎవరైనా వంచారా?"

రెండడుగుల దూరంలో మోసీ చెవులు రిక్కించి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. డింఫ్నా షీల్డు వంక చూసింది, గోడ మీది మేకు వంక చూసింది. గేటు పుస్తకంలో నలభై ఏళ్ళు ఒక్క అబద్ధం రాయని చేతులు నడుము మీద పెట్టుకుంది.

"లేదండీ," అంది. "నిన్న తమరు సరిగ్గా చూసి ఉండరు."

న్యాయనిర్ణేతకు కోపం వచ్చింది. మార్కు పోయింది. షీల్డు ప్రెండర్‌గాస్ట్ కారెక్కి ఏడోసారి రాత్‌కీరన్ వెళ్ళిపోయింది. మోసీ వ్యానెక్కుతూ కూడా గొర్రెలకు దీపం పెట్టిన కథ నన్నుకు మొదటి నుంచి చెబుతున్నాడు.

హాలు ఖాళీ అయ్యాక డింఫ్నా కప్పులు కడుగుతుంటే కోల్మన్ వచ్చాడు. ఒక కప్పు టీ ఆమె ముందు పెట్టాడు. పాలు ఆమెకు ఎంత కావాలో సరిగ్గా అంతే పోశాడు, చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. పందొమ్మిదేళ్ళలో ఆమెకు ఇంకొకరు టీ చేసివ్వడం అదే మొదటిసారి. ఆ తరవాత కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు.

డింఫ్నా చేతులు తుడుచుకుని సర్దుకు నిలబడింది, ధన్యవాదాలు అందుకోవడానికి.

"అది కాదు గానీ డింఫ్నా," అన్నాడు కోల్మన్, వేలెత్తి. "నేను పెట్టిన తప్పు ఎడమ కొక్కెం. నువ్వు వంచింది కుడిది."

డింఫ్నా ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. చేతిలోని తడిగుడ్డ విదిలించి, గోడ మీది ఖాళీ మేకుకు తగిలించింది.

"వచ్చే ఏడు కూడా నేనే ఉంటాను కార్యదర్శిగా," అంది. "నీకు తప్పులు పెట్టడం కూడా ఎవరో ఒకరు నేర్పాలి. ఇంకేమైనా ఉందా?"

కోల్మన్ గుడ్డ వంక చూశాడు. ఆగుదామనే చూశాడు పాపం.

"ఆ మేకు కూడా కొంచెం వంకరగా ఉంది."