పోలీసు స్టేషన్ మెట్లెక్కించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, కొందరిని ప్రభువు మంచం మీద నుంచి లేపాడు, కొందరిని సారాయి నుంచి లాగాడు, నన్ను మాత్రం ఖాకీ బట్టల భయంలోంచి విడిపించాడు. ఇదేం సాక్ష్యమమ్మా అని నవ్వేవాళ్ళు నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది, కానీ ఇంట్లో ఒక మనిషి జైలుకు పోయిన కుటుంబం మీలో ఎక్కడైనా ఉంటే వాళ్ళు నవ్వరు, వాళ్ళకు తెలుసు.

నా పేరు సారమ్మ. ఇప్పుడు మేము ఎమ్మిగనూరులో ఉంటున్నాం కానీ నేను చెప్పే సంగతి ఆదోనిలో జరిగింది, డెబ్బైలు అయిపోయి ఎనభైలు మొదలైన రోజుల్లో. నా భర్త ప్రకాశం దూది మిల్లులో హమాలీ, నేను అదే మిల్లులో పత్తి ఏరే కూలిమనిషిని. ఒక సాయంత్రం సారాయి అంగడి ముందర తోటి హమాలీతో మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న బస్తాల కొక్కెంతో అతని ముఖం మీద కొట్టాడు, ఆ మనిషికి ఒక కన్ను పోయింది. మా ఆయన ఏ పాపమూ ఎరగడు, పోలీసులే ఇరికించారు అని చాలామంది భార్యలు చెప్పుకుంటారు, నేనూ చాలా రోజులు అట్లాగే చెప్పుకుని తిరిగాను. లేదు తల్లీ, కొట్టాడు! ఐదేళ్ళ శిక్ష పడింది, కడప జైలుకు పంపారు.

శిక్ష పడకముందు ఇంకొకటి జరిగింది. కొట్టిన రోజే ఆయన పారిపోయి వారం దాకా కనిపించలేదు, ఆ వారంలో పోలీసులు మా మరిది యోహానును పట్టుకుపోయి, మీ అన్న ఎక్కడున్నాడో చెప్పమని రెండు రోజులు కొట్టారు. ఎవరు కొట్టారో పేర్లు ఇక్కడ చెప్పను, చెప్పి ఇప్పుడు నేను సాధించేది ఏమీ లేదు. పాపం యోహానుకు నిజంగానే తెలియదు. కుంటుకుంటూ ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం పెడితే ముట్టలేదు. అప్పటి నుంచి ఖాకీ రంగు కనబడితే చాలు, వేసుకొచ్చింది పోస్టుమాన్ అయినా లోపలికి పరుగెత్తి తలుపు వేసుకునేదాన్ని!

మా సందులో జైలుకు మనిషిని పంపిన ఇళ్ళు నాలుగున్నాయి, మా అందరికీ ఒక పద్ధతి ఉండేది. సందు మొదట్లో పోలీసు కనబడగానే పక్కింటివాళ్ళు పరుగున వచ్చి మన తలుపుకు బయట నుంచి తాళం వేస్తారు, మనం లోపల చప్పుడు చేయకుండా కూర్చుంటాం, ఆయన తాళం చూసి వెళ్ళిపోయాక వాళ్ళే వచ్చి తీస్తారు. మా తాళంచెవి పక్కింటి హుసేన్‌బీ కొంగున ఉండేది, వాళ్ళ తాళంచెవి నా కొంగున ఉండేది, ఎందుకంటే ఆమె తమ్ముడూ జైల్లోనే ఉన్నాడు. ఆదివారం గుడిలో దేవుడే నాకు కాపుదల అని గొంతెత్తి పాడేదాన్ని, సోమవారం తాళం వెనక దాక్కునేదాన్ని. నా విశ్వాసం అంతమాత్రం!

ఇట్లా ఉండగా మా అత్తకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట ముద్దముద్దగా వచ్చేది, కానీ ఒక్క పేరు మాత్రం అర్థమయ్యేది, కొడుకు పేరు. పొద్దున లేస్తే తలుపువైపు చూపు, అన్నం తినిపిస్తున్నా తలుపువైపే చూపు. ఎక్కువ రోజులు బతకదని డాక్టరు చెప్పాడు. ఆమె కళ్ళు మూయకముందు కొడుకును ఒక్కసారి చూపించాలి, అదొక్కటే నా ప్రార్థన, ఇంకేమీ అడగలేదు. మా సంఘం పాస్టరు అయ్యగారు కడపకు ఉత్తరం రాశారు, తల్లిని చూడటానికి పెరోలు మీద పంపమని నా భర్త జైల్లో అర్జీ పెట్టుకున్నాడు.

అర్జీ పెడితే జైలు అధికారులే చూసి పంపుతారనుకున్నాం. ఆ కాగితం ముందు మా ఊరి పోలీసులకు వస్తుందని, వాళ్ళు ఇంటికొచ్చి విచారించి రాస్తేనే మనిషిని వదులుతారని మాకెవరికీ తెలియదు. ఆ వారంలోనే ఒక హెడ్ కానిస్టేబులు మా సందుకు మూడుసార్లు వచ్చాడు. మళ్ళీ యోహాను కోసమే వచ్చారని నా ప్రాణం పోయింది. మూడుసార్లూ హుసేన్‌బీ తాళం వేసింది, మూడుసార్లూ నేను అత్త పక్కన బిగుసుకుని కూర్చున్నాను. మూడోసారి ఆయన తలుపు తట్టి నన్ను పేరు పెట్టి పిలుస్తున్నప్పుడు అత్తకు దగ్గు వచ్చింది, నేను నా అరచేత్తో ఆమె నోరు మూశాను. సహోదరులారా, కొడుకును తెచ్చి చూపించే కాగితం పట్టుకుని ఒక మనిషి బయట నిలబడి ఉంటే, ఆ తల్లి నోరు మూసిన చేయి ఇదే.

నెల తర్వాత నా భర్త దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది, అయ్యగారు చదివి వినిపించారు. ఇల్లు తాళం వేసి ఉంది, కుటుంబీకులు ఎవరూ లేరని పోలీసులు రాశారట, పెరోలు ఇవ్వలేదట. కింద ఇంకో ముక్క రాయించాడు. "మా అమ్మను ఇడిసిపెట్టి యాడికి పోతివి సారమ్మా? నామీద కోపముంటే నామీదనే సూపియ్యాల గదా, ఆమెమీద ఎందుకు?" అని. అయ్యగారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

మళ్ళీ అర్జీ పెట్టాలంటే నేనే స్టేషనుకు పోయి మేము ఇక్కడే ఉన్నామని చెప్పుకోవాలన్నారు అయ్యగారు. ఆ స్టేషనుకా! యోహానును కొట్టిన చోటికా! మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేశాను, ఏమని చేశానో దాచకుండా చెబుతాను. "ప్రభువా, ఇంకో దారి సూపియ్యి. ఆడికి ఎవరినన్నా పంపు, నన్ను పంపొద్దు. వాళ్ళ మనసు మార్సు తండ్రీ" అని ఏడ్చాను. మూడోరోజు పత్తి ఏరుతూ ఉంటే నాలో ఒక మాట పుట్టింది, వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఆడిన అబద్ధం నువ్వు చెప్పుకో అని. చేతిలో పత్తి చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళు చేసింది న్యాయమని దేవుడు అనలేదు, అది గమనించండి, నా లెక్క నన్ను ఒప్పుకోమన్నాడు, అంతే.

మరుసటి రోజు పొద్దున పోయాను. యేసయ్యా యేసయ్యా అనుకుంటూ ఒక్కొక్క మెట్టూ ఎక్కాను. ఆ హెడ్ కానిస్టేబులు బల్ల దగ్గర రాసుకుంటున్నాడు, జుట్టు నెరిసిన మనిషి. నేను నిలబడే చెప్పేశాను, "సారూ, నువ్వొచ్చినప్పుడు మేము లోపల్నే ఉంటిమి. భయానికి తాళమేయించుకుంటిమి" అని.

ఆయన కలం కింద పెట్టాడు. "నాకు తెలుసమ్మా," అన్నాడు. "దగ్గు ఇనపడింది."

"మరి ఎవరూ లేరని ఎట్ల రాస్తివి సారూ?"

"లోపలుండి దాక్కున్యారని రాస్తే మళ్ళా ఎప్పుడన్నా పెరోలు వస్తాదా ఆయనకి? తాళమేసి ఉండాదని రాస్తే ఇంగోసారి అర్జీ పెట్టుకోవచ్చు. తాళం పగలగొట్టేది ఎంతసేపు? మంచంలో ముసలామె ఉండాదని కాగితంలో సూసినా. బెదురుకుంటే ఏమన్నా అయితాదని తిరిగొచ్చినా."

నేను ద్వేషించిన ఆ రాత నాకోసం తలుపు తెరిచి పెట్టిన రాత! అయినా నా నోరు ఊరుకోలేదు. "మా మరిదిని కొట్టిన పొద్దు నువ్వు ఈడ్నే ఉంటివా?" అని అడిగేశాను, అడిగి నేనే భయపడ్డాను.

ఆయన కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. "ఉంటిని. నేను కొట్టలేదు. ఆపనూ లేదు," అన్నాడు.

అంతకుమించి ఆయన క్షమాపణ అడగలేదు, నేనూ అడగమనలేదు. కానీ ఒక పోలీసు నోట నిజం వినడం నాకదే మొదటిసారి, ఆయనకూ మా సందు మనిషి నోట నిజం వినడం మొదటిసారే అయి ఉంటుంది. ఆ గదిలో ఇద్దరమూ తప్పు చేసినవాళ్ళమే ఉన్నామని నాకనిపించింది, భయం ఎటు పోయిందో నాకే తెలియదు. దేవునికే మహిమ!

జామీనుకు ఇద్దరు కావాలన్నాడు. అయ్యగారు ఒకరు, రెండోవాడు హుసేన్‌బీ భర్త ఖాసింసాబు, జట్కా తోలేవాడు. ఆయనకూ స్టేషనంటే నాకున్నంత భయమే, అయినా వచ్చి వేలిముద్ర వేశాడు, వేసి బయటకొచ్చాక గుర్రానికి గడ్డి వేయడం కూడా మరిచిపోయి అరుగు మీద కూర్చుండిపోయాడు. హెడ్డుగారు మళ్ళీ ఇంటికొచ్చి, ఈసారి తెరిచిన తలుపులోంచి లోపలికొచ్చి, అత్తను చూసి, పలకరించి రాసుకుపోయాడు. రెండు నెలల్లో పదిహేను రోజుల పెరోలు మీద నా భర్త రైలు దిగాడు.

తల్లి అతన్ని చూసిన క్షణం గురించి నేను చెప్పలేను, ఎడమచేత్తో ముఖమంతా తడిమింది, అంతే చెప్పగలను. ఆ పదిహేను రోజులూ ఆమెకు అన్నం కొడుకే తినిపించాడు. ఇదిగో, నా ప్రార్థన నెరవేరింది కదా అనుకున్నాను, కానీ ప్రభువు పరీక్ష ఇంకా మిగిలే ఉంది.

చివరి రోజు మా చుట్టాలంతా చేరారు. అమ్మ ఇంకో వారమో రెండు వారాలో, ఈ సమయంలో పోవడమేమిటి, బళ్ళారికి బస్సెక్కితే అక్కడ ఏ మిల్లులోనైనా పని దొరుకుతుంది, అది వేరే రాష్ట్రం, ఎవరు వెతుకుతారు అన్నారు. హెడ్డుగారు ముందే చెప్పాడు, "నేను మీ ఇంటికి వచ్చేది లేదు. ఆఖరి పొద్దు నువ్వే తోలుకుని రామ్మా" అని. కాపలా లేదు, ఎవరూ లేరు. నా భర్త నావైపు చూసి, "నువ్వేమంటావ్? నువ్వు ఉండమంటే ఉంటా" అన్నాడు.

ఉండమనాలని నాకు లేదా? నేను మాత్రం మనిషిని కానా? కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఈయనని నువ్వే తెస్తివి, నువ్వే తోలుకుని పో. నాకు బలం లేదు" అన్నాను. కళ్ళు తెరిచి, "ఏమయ్యా, నిన్ను నమ్మి ఖాసింసాబు వేలిముద్ర ఏసినాడు. నువ్వు బళ్ళారికి పోతే వాళ్ళు వచ్చేది ఆయన ఇంటికి. యోహానుకు అయినట్ల ఆయనకి గూడా కావాల్నా?" అన్నాను. అందరూ నామీద మండిపడ్డారు. అప్పుడు మంచం మీద నుంచి అత్త చేయి చాపింది. దగ్గరికి పోయిన కొడుకు చేతిని గట్టిగా పట్టుకుంది, ఇక వదలదు అనుకున్నాం. తర్వాత ఆమే వదిలేసి, ఆ బాగున్న చేతిని అతని రొమ్ము మీద పెట్టి తలుపువైపు నెట్టింది. "పో నాయనా," అంది. ఆ మాట స్పష్టంగానే వచ్చింది.

నేనే స్టేషను దాకా తీసుకుపోయాను. హెడ్డుగారు గడియారం చూసి, టైముకు ముందే వచ్చినారే అని మాకు టీ తెప్పించాడు.

ఎనిమిదో రోజు అత్త ప్రభువు దగ్గరకు పోయింది. నేను ఏడుస్తూనే స్టేషనుకు పోయాను, ఈసారి ఎవరూ పొమ్మని చెప్పలేదు, కాళ్ళే పోయాయి. హెడ్డుగారు వెంటనే కడపకు కబురు పంపాడు, చావు నిజమే, ఈ మనిషి మొన్న గడువుకు ముందే తిరిగొచ్చినవాడు, పంపవచ్చు అని. ఆరోజు పారిపోయి ఉంటే నా భర్త బళ్ళారిలో ఏ మిల్లులోనో తలదాచుకుని, తల్లి చావు కబురు ఎప్పుడో ఎవరి నోటనో వినేవాడు. తిరిగిపోయాడు గనుకనే మరుసటి రోజు బొంబాయి పోయే రైల్లో వచ్చి ఆదోనిలో దిగి, తల్లి సమాధిలో మొదటి పిడికెడు మన్ను తన చేత్తో వేశాడు! హెడ్డుగారు కొంచెం దూరంలో టోపీ తీసి నిలబడ్డాడు, యోహాను తనంతట తానే పోయి ఆయన పక్కన నిలబడ్డాడు. అయ్యగారు ప్రార్థన ముగించే దాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు.

ప్రియమైనవారలారా, పోలీసులందరూ మంచివాళ్ళని చెప్పడానికి నేను ఈ సాక్ష్యం రాయించలేదు, మనమందరం మంచివాళ్ళం కానట్టే వాళ్ళూ అందరూ కారు. మన దేవుడు చాలా మంచివాడు, ఆయన ఏ మనిషి చేత మనకు మేలు చేయిస్తాడో మనకు తెలియదు, దాక్కున్నవాళ్ళకు అది ఎప్పటికీ తెలియదు. మీ కొడుకో మీ భర్తో లోపల ఉంటే, ముందు ప్రభువుతో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, తర్వాత మనుషులతోనూ చెప్పండి. ఒంటరిగా పోవడానికి భయమైతే ఎమ్మిగనూరు గుడిలో సారమ్మ ఎవరని అడగండి. నేను తోడు వస్తాను, ఇద్దరం ప్రార్థన చేసుకుని కలిసే పోదాం.