గోడలకు ఊఁ కొట్టే బావమరిది

సూపరింటెండెంటుగారి బావమరిది గోడలకు ఊఁ కొడతాడు. అంతకు మించి అతనిలో వేరే వంకేమీ లేదు. తాగడు, పేకాడడు, అడక్కుండా సలహాలివ్వడు. చెవి గోడకు చేరితే మాత్రం కళ్ళు మూసుకుని, పక్కవీధికి వినపడేలా "ఊఁ" అంటాడు.

వృత్తికి ప్లంబరు. గోడల్లో, నేలలో నక్కిన లీకుల్ని పట్టాలంటే ఊరంతటికీ అతనొక్కడే దిక్కు. రాగానే ఇంట్లో ఫ్యాన్లు ఆపిస్తాడు, ఫ్రిజ్జు ఆపిస్తాడు, గోడగడియారంలో సెల్లు కూడా తీయిస్తాడు. మనుషుల్ని లోపలిగదిలోకి పంపి తలుపు దగ్గరకు వేసేస్తాడు. అప్పుడు నిలువెత్తు ఇనపకడ్డీ ఒక కొస గోడకు ఆనించి, చెక్కగిన్నె బిగించిన రెండో కొస చెవికి పెట్టుకుంటాడు. సొంతింట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగని ఆ ఇంటివాళ్ళు చీకటిగదిలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుసగుసలు మొదలుపెడతారు. సరిగ్గా అప్పుడే తలుపు అవతలి నుంచి వస్తుంది: "ఊఁ... ఊఁ... అలాగా." గోడలో ఎవరో చెబుతుంటే ఇతను వింటున్నట్టే ఉంటుంది. గుసగుసలు ఠక్కున ఆగిపోతాయి. కాసేపటికి సుద్దముక్కతో గోడమీద చిన్న సున్నా చుడతాడు. అక్కడ పగలగొడితే నీళ్ళే. ఇంతవరకూ గురి తప్పలేదు.

ఒకసారి పళ్ళ డాక్టరుగారు కొత్తగా కొనుక్కున్న పాత ఇంట్లో కడ్డీ దించి, "లోపల ముగ్గురున్నారండీ," అన్నాడు.

డాక్టరుగారు గోడకు దూరంగా జరిగారు. "ముగ్గురా?"

"పెద్దాయన మీ పడకగది గోడలోనే ఉన్నాడు. చాలా ఏళ్ళుగా ఉన్నట్టున్నాడు. మిగతా ఇద్దరూ పిల్లలు. మెట్ల కింద."

"ఏం కావాలట వాళ్ళకి?"

"ఏముంది, బయటికి రావాలని చూస్తున్నారు."

మర్నాడు సుత్తి పట్టుకుని వెళితే ఇంటికి తాళం. డాక్టరుగారు సకుటుంబంగా అత్తగారింటికి చేరుకున్నారు. లీకుల్ని మనుషుల్లా చెప్పడం ఇతనికి అలవాటని నచ్చజెప్పి వాళ్ళని వెనక్కి తెచ్చేసరికి వారం పట్టింది. డాక్టరుగారి భార్య ఈనాటికీ మెట్ల కిందికి వెళ్ళేటప్పుడు "జరగండి నాన్నా" అనే వెళుతుందట.

ఇలాంటి మనిషి తనకు బావమరిది అయినందుకు సూపరింటెండెంటుగారు తల ఎత్తుకోలేకపోయేవారు. ఆయన పనిచేసేది కాలేజీ ఆఫీసులో. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో పిల్లల సర్టిఫికెట్లన్నిటికీ ముద్ర కొట్టిన చెయ్యి ఆయనది. స్కూలు చదువు ముగిసిన సొంత కూతురికి ఆ కాలేజీలోనే సీటు ఖాయం చేసి, సోమవారం చేర్పించడానికి ఫారం సిద్ధంగా పెట్టుకున్నారు. ఆ పిల్ల సంతకం ఒక్కటే మిగిలింది. నీకిష్టమేనా అని అడగాలని ఆయనకు తోచలేదు. తండ్రి ఎదుట నోరు విప్పడం ఆ పిల్లకూ చేతకాదు.

ఆ వారంలోనే ఇంట్లో గొంతు మొదలైంది.

రోజూ సాయంత్రం ఆరింటికి, ఆయన పడకగది గోడలోంచి ఒక మగగొంతు సణుగుతున్నట్టు వచ్చేది. మాటలు తెలిసేవి కావు. నీళ్ళ గలగలలోంచి ఒక్క మాటే పైకి తేలేది: "కాలేజీ". కాసేపాగి, మళ్ళీ "కాలేజీ". మొదటిరోజు ఎవరో వీధిలో పోతూ మాట్లాడుకుంటున్నారనుకున్నారు. రెండోరోజు కిటికీలోంచి తొంగిచూస్తే గోడ అవతలి సందులో పురుగు కూడా లేదు. గొంతు మాత్రం ఆగలేదు. మూడోరోజు ఆయన ఆ గొంతును గుర్తుపట్టారు. పోయి పదకొండేళ్ళయిన తన తండ్రి గొంతు.

"ఏవండీ, అలా పాలిపోయారేం?" అంది ఇల్లాలు.

"మా నాన్నగారు. మనవరాలు కాలేజీలో చేరాలని చెబుతున్నారు."

"అది ఇంట్లో మనకి తెలిసిన సంగతేగా. దానికోసం పాపం గోడలోంచి రావాలా ఆయన?"

ఇల్లాలు తమ్ముడికి కబురు పెట్టింది.

శనివారం సాయంత్రం బావమరిది కడ్డీతో దిగాడు. అతను వచ్చినట్టు మేనకోడలికి తెలియదు. అప్పటికే మేడమీద స్నానానికి వెళ్ళింది. ఫ్యాన్లు ఆగాయి, ఫ్రిజ్జు ఆగింది, గడియారం ఆగింది. ఆరు కాగానే గోడ సణగడం మొదలుపెట్టింది. బావమరిది కడ్డీ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. సూపరింటెండెంటుగారు ఆ ఊఁ కోసం ఎదురుచూశారు.

ఊఁ రాలేదు. ఒక నిమిషం అయింది, రెండు నిమిషాలయింది. ఇన్నేళ్ళుగా ఆయన్ని సిగ్గుపరిచిన ఆ ఊఁ ఇవాళ రాకపోయేసరికి ఆయనే ముందుకు వంగారు.

"ఏమంటున్నారోయ్?" అన్నారు మెల్లగా.

"నాతో కాదండీ బావగారూ. మీతోనే," అని కడ్డీ చేతికిచ్చాడు బావమరిది.

చల్లటి చెక్క చెవికి తగిలింది. ముందు నీళ్ళు వినిపించాయి. నీళ్ళ వెనక ఆ గొంతు, చెవిలో నోరుపెట్టి మాట్లాడుతున్నంత దగ్గరగా.

"నాకు తీరిక లేదు. కాలేజీ అంటే కాలేజీయే. సంతకం పెట్టు."

దానికి ఒక ఆడపిల్ల గొంతు బదులిచ్చింది. "నాన్నా, నాకు మామయ్య పని నేర్చుకోవాలనుంది."

"గొట్టాల పనా? మన ఇంటావంటా ఉందా?"

"మామయ్య ఉన్నాడుగా నాన్నా."

"గోడలతో మాట్లాడేవాడి ఊసెత్తకు. తీరిక లేదన్నానా?"

తర్వాత నిట్టూర్పు. "ఛ, మళ్ళీ మొదట్నుంచీ. నాన్నా, కాస్త తీరిగ్గా ఉన్నావా?"

"లేను."

"అయితే రేపు చెబుతాను."

సూపరింటెండెంటుగారికి విషయం బోధపడింది. గోడలో తండ్రీ లేడు, తాతా లేడు. ఆ మగగొంతు తనదే. తనది అచ్చం తండ్రి గొంతని చుట్టాలంతా అనే మాట నిజమే. మేడమీద కుళాయి తిప్పుకుని కూతురే తన మాటలూ, తండ్రిలా గొంతు పెట్టి ఆయన మాటలూ ఒంటరిగా సాధన చేస్తోంది. అవి గొట్టం వెంట దిగుతూ దిగుతూ లావెక్కి ఈ గోడలో పలుకుతున్నాయి.

"నేనింత ఘోరంగా మాట్లాడతానా?" అన్నారు.

"పిల్ల కదండీ, కొంచెం తగ్గించే చెబుతోంది."

"నీకు ముందే తెలుసన్నమాట."

"నెల్లాళ్ళ కింద నా దగ్గరికొచ్చింది. సరదాకి కడ్డీ ఇస్తే, నాకంటే ముందు పట్టేసింది లీకుని. మీ నాన్నతో చెప్పి రా, అప్పటిదాకా నేర్పనన్నాను. పాపం, ఇంకా చెబుతూనే ఉన్నట్టుంది."

"మరి ఇవాళ ఊఁ అనలేదేం?"

బావమరిది నేలచూపులు చూశాడు. "గోడకి చెవి పెడితే నీళ్ళొక్కటే వినపడవండీ. లోపలిగదిలో ఎవరు ఎవర్ని తిడుతున్నారో, ఎవరేడుస్తున్నారో అన్నీ వినపడతాయి. నేనక్కడ వింటున్నానని తెలిస్తే వాళ్ళే మాట ఆపుకుంటారని గట్టిగా ఊఁ అంటుంటాను. ఇవాళ మాత్రం ఆ పిల్ల మాట ఆపబుద్ధి కాలేదు."

ఇరవై ఏళ్ళుగా తాను సిగ్గుపడుతున్నది ఇంత మర్యాదగల మనిషిని చూసా అని సూపరింటెండెంటుగారికి నిజంగా సిగ్గేసింది. పైన కూతురు నాన్నా అని మళ్ళీ మొదలుపెట్టింది. ఇంకా వింటూ నిలబడటం దొంగతనంలా తోచింది. గోడకు దగ్గరగా జరిగి, గొంతెత్తి, "ఊఁ" అన్నారు.

కుళాయి ఆగింది. ఎంతోసేపటికి మెట్లమీద తడికాళ్ళ చప్పుడు ఒక్కొక్కటిగా దిగింది. బావమరిదికి ఉన్నట్టుండి వంటింట్లో ఏదో కుళాయి చూడాల్సిన పని గుర్తొచ్చింది.

కూతురు గుమ్మంలో నిలబడింది. అలవాటైన మాటే నోటికొచ్చింది.

"నాన్నా, కాస్త తీరిగ్గా ఉన్నావా?"

"ఉన్నానమ్మా. చెప్పు."

"ఎన్నిసార్లు అనుకున్నా 'ఉన్నాను' దాకా ఎప్పుడూ రాలేదు నాన్నా. దీని తర్వాత ఏం చెప్పాలో నాకు తెలీదు," అంది.

సూపరింటెండెంటుగారు మంచం మీద పక్కన చోటు చూపించారు. "సంతకం సంగతి అటుంచు. మీ మామయ్య కంటే ముందు ఆ లీకుని ఎలా పట్టావో చెప్పు," అన్నారు.