స్టెల్లా మోసిన ఓడ

కొల్లేటి ఒడ్డున ఉండే వడ్రంగి దేవసహాయం పాతకాలపు డచ్చి తెరచాప ఓడ నమూనా ఒకటి టేకు ముక్కలతో చేశాడు. దాని ముందున్న సింహాన్నీ, వెనుకనున్న లతలనూ ఏళ్ళ తరబడి చెక్కాడు. ఇల్లంతా అదే ఆక్రమించిందని భార్య స్టెల్లా విసుక్కునేది.

2005 వానలకు కొల్లేరు పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. అతను తల్లిని వీపున ఎత్తుకుని, ఓడను ఒక్కసారి చూసి బయటపడ్డాడు. నడుంలోతు నీళ్ళలో వెనక్కి తిరిగితే, స్టెల్లా ఓడను తలకెత్తుకుని వస్తోంది.

"వదిలెయ్యవే, పడిపోతావు!"

"మీరు అత్తయ్యగారిని చూసుకోండి!"

అంతలో ఆమె కాలు గుంతలో పడింది. తూలేసరికి ఓడ చెట్టుకొమ్మకు తగిలి తెరచాప కొయ్య ఫట్‌మని విరిగింది. అయినా ఆమె ఓడను వదల్లేదు.

రోడ్డెక్కాక ఏడ్చేసింది. "విరిచేశానండీ."

దేవసహాయం సింహాన్నీ, లతలనూ తడిమి చూశాడు. ఒక్క ఆకూ ఊడలేదు.

"కొయ్యదేముంది, ఇంకోటి పెడతాను. ఇలా కూర్చో, నీ కాలు చూడనీ," అన్నాడు.