బోరునీళ్లు పోయని బండి

మా మేనత్త పోయిందని పొద్దున ఆరున్నరకు ఫోను వచ్చింది. నాయుడుపేట దాటాక హైవే పక్కన ఒక డీజిల్ బంకులో, తన బండి పక్కన మడత కుర్చీ వేసుకుని టీ తాగుతూ కూర్చుందట. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. అంబులెన్సు వచ్చేలోపే అంతా అయిపోయింది. ఆ కబురు వెనకే మా ఇంటికి ఇంకో మాట వచ్చి చేరింది: "ఇల్లూ వాకిలీ ఉండి కూడా రోడ్డు మీద దిక్కులేకుండా పోయినాదే." ఆ మాట తప్పు. తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అత్తా మామా నగరిలో మరమగ్గాల మీద నేసిన తువ్వాళ్లు, లుంగీలు తీసుకెళ్లి తిరునాళ్లలోనూ సంతల్లోనూ అమ్మేవాళ్లు. ఊరూరా బస వెతుక్కోలేక ఒక పాత డీజిల్ వ్యాను కొన్నారు. వెనక సీట్లు పీకేసి మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, గుడ్డలకు అరలు బిగించుకున్నారు. వీధిలో అందరూ దాన్ని ఇల్లుబండి అనేవాళ్లు. మామ తోలేవాడు, అత్త పక్కన కూర్చునేది. మామ పోయాక పెద్దమనుషులు చేరి బండి అమ్మెయ్యమన్నారు. వాళ్లలో మా నాయన కూడా ఉన్నాడు. ఆమెకు సొంత అన్న.

"ఆడమనిషివి, ఒంటిగా యాడికి పోతావు?" అన్నాడు నాయన.

"బండి యాడికి పోతే ఆడికి," అంది అత్త.

యాభై రెండో ఏట డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంది. ఆ ఎండాకాలమే చిత్తూరు దారిలో ఇంజను కాగిపోయి బండి ఆగింది. పుత్తూరులో ఒక మెకానిక్ చూసి, ఇంజను వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వును పీకి పారేశాడు. మా పక్క చాలామంది మెకానిక్కులు చేసే పనే అది. "మన ఎండలకి ఇది యెందుకక్కా, నీళ్లు ఎప్పుడూ తిరగతా ఉంటే సల్లగా ఉంటాది," అన్నాడు. రెండు వారాలు తోలి చూసింది అత్త. తెల్లారి ఇంజను ఎంతకీ వేడెక్కదు, పొగ చిమ్ముతుంది, డీజిల్ తెగ తాగుతుంది. మళ్లీ పుత్తూరు వెళ్లింది.

"బండి సేసినోళ్లు పిచ్చోళ్లా అబ్బా? నువ్వు తీసిందాన్ని నువ్వే పెట్టు."

"ఇంజను సంగతి నీకు యెందుకక్కా?" అని నవ్వాడతను.

అత్త అరవలేదు. బండిని అతని షెడ్డు ఎదురుగా నిలిపి, అక్కడే పొయ్యి వెలిగించింది. ఉతికిన చీరలు షెడ్డు స్తంభానికీ బండి అద్దానికీ తాడు కట్టి ఆరేసింది. రెండు రోజులు అక్కడే వండుకుని అక్కడే పడుకుంది. "నాకేమి తొందర లేదబ్బా, నా ఇల్లు నాతోనే ఉండాది," అంది. మూడో రోజు అతను కొత్త వాల్వు తెచ్చి బిగించాడు. రేడియేటర్ కూడా విప్పి చూపించాడు. ఏళ్ల తరబడి పోసిన బోరునీళ్ల ఉప్పు లోపలి సన్నని గొట్టాల్లో సున్నంలా గడ్డకట్టి ఉంది. అసలు జబ్బు అది. ఆ రోజు నుంచి ఆమె బండిలోకి ఒక్క చుక్క బోరునీళ్లు పోయలేదు. అతను కూడా తన షెడ్డుకు వచ్చిన ఏ బండి వాల్వూ పీకలేదు.

నేను ఆమె దగ్గర బతుకు నేర్చుకున్నది నా పెళ్లి చెడినప్పుడు. మొగుడి చేతి దెబ్బలు ఓర్చుకోలేక పుట్టింటికి వచ్చేశాను. మరుసటి వారమే పెద్దమనుషులు వచ్చి, ఇప్పటికిప్పుడు తేల్చు, తిరిగి పోతావా లేదా అన్నారు. అత్త వాకిట్లో బండి ఆపి, "పాపని నేను పలమనేరు సంతకి తీసకపోతా ఉండా, వచ్చినాక మాట్లాడుకోండి," అని నన్ను ఎక్కించుకుంది.

మొగిలి ఘాటులో వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. అత్త బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టింది. వెనక లారీలు హారన్లు కొట్టాయి. ఒక డ్రైవరు దిగి వచ్చి, "మూత తీసి నీళ్లు కొట్టక్కా, ఐదు నిమిషాల్లో పోవచ్చు," అని తనే చెయ్యి చాపాడు. అత్త ఆ చేతిని పక్కకు తోసేసింది. గంట సేపు రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని నాకు వేరుశనక్కాయలు ఒలిచి పెట్టింది.

"కాగతా ఉన్నప్పుడు మూత తియ్యమనే వాళ్లు మంచోళ్లే పాపా. కాలేది మాత్రం మన సెయ్యి. సల్లారనీ. నువ్వూ సల్లారినాకనే సెప్పు."

పది రోజులు తిరిగి వచ్చాక చెప్పాను, వెళ్లనని. చిత్తూరులో ఒక బడిలో ఉద్యోగం చూసుకున్నాను. అత్త ఒక్కసారి కూడా శభాష్ అనలేదు. ఏటా వేసవికి ముందు రేడియేటర్ కడిగే రోజున మాత్రం నన్ను పిలిచేది, బండి తోలడమూ ఆ రోజుల్లోనే నేర్పింది. ముందు చక్రాలు మెరక మీదికి ఎక్కించి, చల్లటి ఇంజను కింద తొట్టి పెట్టి పాత నీళ్లు వదిలేవాళ్లం. కూలెంటు కలిసిన ఆ పచ్చనీళ్లు తియ్యగా ఉంటాయి, కుక్కలు తాగితే చస్తాయి. అందుకని చుక్క నేల మీద పడనిచ్చేది కాదు. తర్వాత ఇంజను కాగకుండా కాపాడే కొత్త కూలెంటూ, ఉప్పు లేని డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి సన్నధారగా పోయాలి. మూత వెయ్యకుండా ఇంజను తిప్పి, పై పైపును చేత్తో పిసుకుతూ, లోపలి గాలి బుడగలుగా వచ్చేదాకా కాచుకోవాలి. "గాలి దాక్కోనుంటాది పాపా, నిండినాదని నమ్మొద్దు," అనేది. బుడగలు ఆగాకే మూత.

ఆమె దిక్కులేకుండా పోలేదు. బంకు ఊడ్చే మనిషి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. పేరైనా తెలియని ముగ్గురు లారీ డ్రైవర్లు లోడు పక్కన పెట్టి అంబులెన్సు వెంట ఆసుపత్రికి వెళ్లారు. పుత్తూరు మెకానిక్ పని మానుకుని వెళ్లి, బండిని నగరిలో మా ఇంటికి తోలుకొచ్చి, రేడియేటర్ కింది పైపు కారుతోందని కొత్తది వేసి మరీ అప్పజెప్పాడు. ఇంట్లో చచ్చినవాళ్లకు ఇంతమంది ఉంటారా అని నేను మా వాళ్లను అడిగాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక, మా వాకిట్లో షామియానా కింద పెద్దమనుషులు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. బండి వాళ్ల వెనక గోడ వారన ఉంది. పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచామనీ, సాయంత్రం వచ్చి తీసుకెళతాడనీ చెప్పుకుంటున్నారు. నేను తెల్లవారి నుంచీ ఆ బండి దగ్గరే ఉన్నాను. కొత్త పైపు వేశాక తగ్గిన నీళ్లు పోసి, గాలంతా పోయిందని తేల్చుకుని, చేతులు కడుక్కుని సీటెక్కి తాళం తిప్పాను. అందరూ వెనక్కి తిరిగారు.

"యాడికి మే?" అన్నాడు మా పెదనాయన.

"సత్యవేడుకి. అరల్లో తువ్వాళ్లు నిండా ఉండాయి. అమ్మల్ల."

"మేము ఈడ మాట్లాడతా ఉంటే?"

"మాట్లాడుకోండి. కుర్చీలు రొంత పక్కకి తియ్యండి, దారి కావల్ల."

ఇంజను నడుస్తూనే ఉంది. మొదట లేచింది మా నాయన. తన కుర్చీ ఎత్తుకుని గోడ పక్కకు జరిగాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు లేచారు. వీధి మలుపు తిరిగేటప్పుడు అద్దంలో చూశాను. షామియానా దాటి ఎండలో, దారికి అటూ ఇటూ, ఎర్ర కుర్చీలు రొమ్ముకు ఆనించుకుని పెద్దలందరూ నిలబడే ఉన్నారు.