మా చిన్నమ్మ, ఆమె తాబేలు పిల్లలు

మా చిన్నమ్మ పోయింది. మొన్న పొద్దున చాయ్ తాగి, "చక్కెర తక్కువేసినవ్" అని కోడలిని మందలించి, గోడకు ఒరిగిందట. అంతే. నేను నాదర్‌గుల్ నుంచి ఇబ్రహీంపట్నం చేరేసరికి వాకిలి నిండా మనుషులు. సగం మంది ఆమెకు ఏమీ కారు, చిన్నప్పుడు బడిలో ఆమె చెప్పిన సముద్రం ముచ్చట్లు విన్నవాళ్లు. ఒక బస్సు డ్రైవరు నన్ను పట్టుకొని, "అక్కా, నేను ఇంతవరకు సముద్రం సూడలే. గని అండ్ల ఏమేమి బతుకుతయో అన్ని జెప్త" అన్నాడు. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను.

కరువు సీమలో పుట్టిన మనిషికి సముద్రం ఎట్లా దొరికిందంటే, రజాకార్ల పుణ్యమే. మా బాపు వాళ్లకు ఎదురు తిరిగిన సంఘంలో కలిశాడు. ఇళ్ల మీద దాడులు మొదలయ్యేసరికి అమ్మ, అప్పటికింకా పెళ్లికాని చిన్నమ్మ, చిన్నపిల్లనైన నేను నిజాం రాజ్యం సరిహద్దు దాటి బెజవాడ చేరాం. అక్కడి నుంచి కూలి కోసం బందరు అవతల ఉప్పుమళ్లకు పోయాం. మా ఊరి పెద్దచెరువును చూసి పెరిగిన మాకు సముద్రం మొదట అస్సలు నచ్చలేదు. "గిదేం చెరువే! అవుతలి కట్టనే లేదు, నీళ్లు నోట్ల వెట్టేటట్టు లేవు" అని చిన్నమ్మ మూతి తిప్పింది.

ఒకనాడు తెల్లవారుతుండగా ఒడ్డుకు పోతే ఇసుకలోంచి తాబేలు పిల్లలు బిలబిలమని పైకి వస్తున్నాయి. అరచేతిలో పట్టేంతవి. వచ్చినవి వచ్చినట్టే అలల వైపు పరుగు. మా వైపు తాబేలంటే చెరువుదో బావిదో. అంతంత అలల్లో పడితే బతుకుతాయా అనుకున్నారు మావాళ్లు. "అయ్యో బిడ్డా, మునిగి సస్తయే!" అంటూ చిన్నమ్మ వాటిని ఒడిలోకి ఏరింది, అమ్మ కొంగులోకి ఏరింది. గుడిసెకు తెచ్చి గంగాళంలో మంచినీళ్లు పోసి వదిలారు. పైగా జొన్నరొట్టె తునకలు వేసి, "తిను కొడుకా, జర తిను" అని చిన్నమ్మ బతిమాలుడు. అవి రొట్టె ముట్టలేదు. గంగాళం అంచుకు తలలు కొట్టుకున్నాయి.

పక్క గుడిసెలోని జాలరి ముసలమ్మ వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. "ఓరి దేవుడో! ఇంటికెళ్లే పిల్లల్ని పట్టుకొచ్చి కూకోబెట్టారే! అయ్యి ఉప్పునీళ్లలో బతికేయమ్మా, తొరగా ఒగ్గెయ్యండి!"

ఇక చూడాలి మా పరుగు. ఎండ ఎక్కుతోంది, కాకులు దిగుతున్నాయి. చిన్నమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఒడిబియ్యం పోసినట్టు దోసిళ్లతో పిల్లల్ని సముద్రం ఒడిలో పోసింది. అన్నీ ఈదుకుంటూ పోయాయి. చిన్నమ్మ సంబరంగా గంతులేస్తుంటే ముసలమ్మ తాపీగా వచ్చి, "ఈ ఇసకలో నడిసెళ్లిన పిల్లే పెద్దయ్యాక గుడ్లెట్టటానికి మళ్లీ ఈ ఒడ్డుకొస్తదంటారు మా పెద్దోళ్లు. మీరు నడవనియ్యలేదుగా. దారి గురుతుంటదో లేదో" అంది.

చిన్నమ్మ గంతులు ఆగిపోయాయి. మేమూ ఇల్లు విడిచి వచ్చినవాళ్లమే. ఊరికి మళ్లీ పోతామో లేదోనని అమ్మ రోజూ ఏడ్చేది. తను కాపాడాననుకున్న పిల్లలకు ఆ గతే పట్టించానేమోనన్న బెంగ చిన్నమ్మను ఆనాటి నుంచి వదల్లేదు.

పోలీసు యాక్షన్ అయ్యాక బాపు కబురు పంపితే తిరిగి వచ్చాం. హయత్‌నగర్‌లో ఎడ్లబండి దొరికింది. చిన్నమ్మ ఎక్కనంటే ఎక్కనంది. "నడిస్తెనే తొవ్వ యాదికుంటది" అని నన్ను కూడా దింపేసింది. "దీనికి తాబేలు పట్టింది, నా బిడ్డకు గూడ అంటిస్తున్నది" అని అమ్మ బండిలోంచి తిడుతూనే ఉంది.

చిన్నమ్మ ఊళ్లోనే కోడలైంది. పిల్లల తల్లయింది. పని తీరిందంటే బడి ముందు ప్రత్యక్షం. "సారూ, పిల్లలను జరసేపు నాకియ్యి!" ముగ్గుపిండితో వాకిట్లో తాబేలు వేసేది, తిమింగలం వేసేది. తిమింగలం తోక ఎప్పుడూ గేటు బయటికి పోయేది. తెలియనివి సార్లను అడిగి, మర్నాడు వాళ్ల ముందే తాను కనిపెట్టినట్టు చెప్పేది. ఏం చెప్పినా చివరికి ఒకటే మాట: "నోరున్నోళ్లకు అడిగి సాయం జెయ్యి. నోరు లేనోళ్లకు సూసి సాయం జెయ్యి."

చెరువు అలుగు దగ్గర ఎవడైనా ప్లాస్టిక్ కవరు పారేస్తే వాడి పని అయిపోయినట్టే. "అరేయ్, ఈ నీళ్లు మూసీల వడ్తయ్, మూసీ కృష్ణల వడ్తది, కృష్ణ సముద్రంల వడ్తది. నీ కవరు నా పిల్లలు మింగాల్నా?" ఒకడు, "నీ పిల్లలు ఇంట్లనే ఉన్నరు గదనే అవ్వా" అని పళ్లికిలించి, కట్ట చివరిదాకా ఉరికాడు.

నేను రిటైరైన ఏడాది ఆమెను బందరు తీరానికి తీసుకుపోయాను. తాబేలు గుడ్లను కాపాడి, పిల్లలయ్యాక వదిలే కుర్రవాళ్లు అక్కడ ఉన్నారు. పొద్దున్నే గంపల్లో పిల్లల్ని తెచ్చి, నీటికి దూరంగా ఇసుక మీద పెట్టారు. చిన్నమ్మ ఒకతన్ని ఆపింది. "బిడ్డా, నడవనియ్యకుంట నీళ్లల్ల ఇడిస్తే తొవ్వ మరుస్తయా?"

అతను ఖాళీ గంప కింద పెట్టాడు. "గట్టిగా ఎవరం చెప్పలేమమ్మా. అందుకే మేం నడవనిస్తాం."

"ఇంత సదివి గూడ తెల్వదా!" అని విసుక్కుంది. అంతలోనే మొహం విప్పారింది. "అంటే, మల్ల వచ్చి గూడ ఉండొచ్చు!" ఇక ఆగుతుందా! అక్కడున్న ప్రతివాళ్లకూ, "వీటి అమ్మమ్మను నేను ఒళ్లె వెట్టుకున్న, ఎర్కేనా" అని చెప్పుకుంటూ తిరిగింది.

అన్నిటికన్నా వెనకబడ్డ పిల్ల ఒకటి ఎవరిదో అడుగు గుంతలో పడి వెల్లకిలా తిరిగింది. కాళ్లు గాలిలో కొట్టుకుంటున్నాయి. నేను వంగబోయాను. చిన్నమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆగు. జర సూడు."

ఆపింది నన్నో, తననో. రెండో చేత్తో కొంగు నలిపేస్తోంది. "లే బిడ్డా, లే" అని పెదవులు కదులుతున్నాయి. పిల్ల మెడను ఇసుకలో ఆనించి ఒక్క తన్ను తన్నింది, బోర్లా పడింది. గుంత ఎక్కింది. తడి ఇసుక మీద సన్నని గీతలు గీసుకుంటూ పోయి పోయి అలలో కలిసింది.

చిన్నమ్మ బుగ్గల మీద నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఇంకో అల వచ్చి ఆ గీతల్ని కూడా చెరిపేసింది. ఆమె ఇంకా నా చెయ్యి వదల్లేదు.