చాక్‌పీసు కింద పెట్టే సారు

ఎల్లారెడ్డిలో మాకు చరిత్ర చెప్పిన సారు, ఐర్లాండ్ తిరుగుబాటు పాఠం వచ్చినప్పుడు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, ఖాళీ చేతులు చూపించేవారు. "తిరగబడ్డోల్లు ఆయుధాలు గిట్ల కింద పెట్టి లొంగిపోయిన్రు. అయినా ఇంగ్లీషోల్ల సిపాయిలు సంపిన్రు," అనేవారు.

నా నోరు మంచిది కాదు. పెద్దయి సేద్యంలో దిగాక, ఒక యాసంగి పంటకాలంలో నా వంతు నీళ్లు తమ్ముడు తన మడికి పెట్టుకున్నాడు. తర్వాత వాడే వచ్చి, మా ఉమ్మడి బోరు స్టార్టరు డబ్బా తాళంచెవి నా ముందు పెట్టి, "తప్పైంది అన్నా," అన్నాడు. అయినా నేను తిడుతూనే ఉన్నాను. కామారెడ్డి నుంచి మమ్మల్ని చూడవచ్చి, అరుగు మీద చాయ్ తాగుతున్న సారు గ్లాసు కింద పెట్టి, ఖాళీ చేతులు నాకు చూపించారు.

నేను ఆగిపోయాను. "చాయ్ తాగుతవార?" అని తమ్ముణ్ణి అడిగాను.

"నీ తిట్లు అయిపోతే తాగుత."

సారు నవ్వి, గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.